రేవులో దొరికిన పురుగు పేరు మా ఊరికీ చెప్పండి

భారత ప్రభుత్వ మొక్కల సంరక్షణ సలహాదారు గారికి బహిరంగ లేఖ

అయ్యా,

అనకాపల్లి జిల్లాలో ఎలమంచిలికీ సముద్రానికీ మధ్య కొబ్బరి, మామిడి, కాస్త జీడితోట చేసుకుని బతికే రైతును నేను. మీ ప్రధాన కార్యాలయం ఫరీదాబాద్‌లో ఉంది. విదేశం నుంచి ఒక పండు గాని, మొక్క గాని, విత్తనం గాని ఈ దేశంలోకి రావాలంటే మీ శాఖ సరేననాలి. మా ప్రాంతంలో ఈ సంగతి తెలిసినవాళ్ళు బహు తక్కువ. మాకు కలెక్టరు గారు తెలుసు, మండల వ్యవసాయాధికారి తెలుసు, రైతు సేవా కేంద్రంలో కూర్చునే కుర్రాడి ఇంటిపేరు కూడా తెలుసు. మా తోటల మీదికి బయటి పురుగు రాకుండా చూసే శాఖ ఒకటుందనీ, దాని కేంద్రం మాకు కూతవేటు దూరంలో విశాఖపట్నంలోనే ఉందనీ మాత్రం తెలియదు. అందుకే ఈ ఉత్తరం మీ ఒక్కరికే పంపకుండా నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఇప్పుడు అనకాపల్లిలో ఏ పండ్ల కొట్టు ముందు నిలబడినా సగం దేశాలు కనిపిస్తాయి. అమెరికా ఆపిల్, ఇరాన్ ఆపిల్, టర్కీ ఆపిల్, న్యూజిలాండ్ కివీ, ఈజిప్టు నారింజ. మా చిన్నతనంలో ఆపిల్ అంటే జ్వరం వచ్చినవాళ్ళను చూడటానికి వెళ్తూ పట్టుకెళ్ళే పండు. అది కాశ్మీరుదో సిమ్లాదో అయ్యుండేది. ఇవాళ నూకాలమ్మ జాతరకు వచ్చే జనం కోసం రోడ్డు పక్కన పెట్టిన తోపుడు బండి మీద కూడా స్టిక్కరంటించిన విదేశీ పండు ఉంటోంది. దాని మీద నాకు కోపం లేదు. తినేవాళ్ళు తింటున్నారు, అమ్ముకునేవాళ్ళు బతుకుతున్నారు. విదేశీ పండు వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ పండుతో పాటు ఇంకేం వస్తోందో మాకు చెప్పమని అడగడానికి రాస్తున్నాను.

నిబంధనలు గట్టిగానే ఉన్నాయని తెలుసుకున్నాను. 2003లో వచ్చిన ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు 2004 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఏ దేశం నుంచి ఏ పండు రావచ్చో, దానికి ఏ షరతులో ఆ ఉత్తర్వు షెడ్యూళ్ళలో రాసి ఉంది. ఆపిల్ అన్నంత మాత్రాన అన్ని ఆపిల్స్‌కీ ఒకటే షరతు కాదు. పండిన దేశంలో ఏ పురుగు ఉందో దాన్నిబట్టి షరతు మారుతుంది. తెప్పించుకునే వ్యాపారి ముందుగా ఇంపోర్ట్ పర్మిట్ తీసుకోవాలి. పంపే దేశపు అధికారి సరుకు చూసి, పురుగూ తెగులూ లేవని ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫలానా పురుగు లేదని పేరు పెట్టి మరీ అందులో రాయాలి. కొన్ని పండ్లను ఇన్ని రోజులు ఇంత చల్లదనంలో ఉంచామని చూపించాలి, కొన్నిటికి మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించాలి. ఓడ రేవుకు చేరాక మీ ఇన్‌స్పెక్టరు పెట్టెలు విప్పించి నమూనా తీసి, భూతద్దం కింద పెట్టి చూస్తారు. బతికున్న పురుగు దొరికితే మళ్ళీ పొగ పట్టించడమో, సరుకు వెనక్కి పంపడమో, తగలబెట్టడమో చేస్తారు. ఇంతవరకు రాని దేశం నుంచి కొత్త పండు రావాలంటే, దానితో ఏ పురుగులు వచ్చే ప్రమాదముందో ముందే లెక్క తేల్చాలి.

మిథైల్ బ్రోమైడ్ సంగతి చదివినప్పుడు ఒక విషయం నా మనసును బాగా పట్టుకుంది. ఓజోన్ పొరను తినేస్తోందని మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా ఆ మందు వాడకం మానుకుంటూ వచ్చింది. అయినా క్వారంటైన్ పనికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆకాశానికి చేటు చేసే మందునైనా ఈ ఒక్క పనికి ఉండనిచ్చారంటే, ఒక పురుగు సరిహద్దు దాటడం ఎంత పెద్ద విషయంగా దేశాలన్నీ భావించాయో అర్థమవుతుంది.

మీ శాఖ గట్టిగా నిలబడిన సందర్భాలూ ఉన్నాయి. చైనా ఆపిల్స్‌లో, పియర్స్‌లో పదేపదే పురుగులు దొరుకుతున్నాయని 2017లో వాటిని ఆపేశారు. ఎన్ని హెచ్చరికలు పంపినా మారలేదని 2021 డిసెంబరులో ఇరాన్ కివీని ఆపేశారు. వ్యాపారులు గోల పెట్టి ఉంటారు, ఆ దేశాలు నొచ్చుకుని ఉంటాయి. అయినా వెనక్కి తగ్గలేదు. ఒక రైతుగా మీకు కృతజ్ఞత చెప్పాల్సిన పని అది, చెబుతున్నాను.

ఇక మీ కాపలాను దాటి వచ్చినవాటి గురించి.

మా కొబ్బరి తోటల్లో ఆకుల అడుగున తెల్లటి వలయాలు, పైన నల్లటి మసి. సర్పిలాకార తెల్లదోమ చేసిన పని అది. మధ్య అమెరికా నుంచి వచ్చిన పురుగు. 2016లో తమిళనాడులో పొల్లాచ్చి దగ్గర మొదట కనబడింది. తర్వాత గోదావరి జిల్లాలకు, అక్కణ్ణించి కోస్తా వెంట మా వరకూ పాకింది. ఆకుల రసం పీల్చి జిగురులాంటి బంక వదులుతుంది, ఆ బంక మీద బూజు పెరిగి ఆకంతా బొగ్గు పూసినట్టవుతుంది. చెట్టు చావదు, కానీ కాపు పడిపోతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం వాళ్ళు ఐసేరియా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు ఇచ్చారు గనుక కొంత తేరుకున్నాం. నలభై అడుగుల చెట్టుకు మందు కొట్టడమంటే ఏమిటో కొబ్బరి రైతుకే తెలుసు. కూలీ దొరకడు, దొరికినా ఆ ఖర్చుకు కాయల ధర సరిపోదు.

మిరప సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 2021 చివర గుంటూరు, పల్నాడు, ప్రకాశం, ఖమ్మం చేలల్లో నల్ల తామర పురుగు పూతలో చేరి పూత మొత్తం రాల్చేసింది. లక్షల ఎకరాల మిరప దెబ్బతింది. ఎకరానికి లక్షకు పైగా పెట్టుబడి పెట్టిన కౌలురైతులు నిలబడిన పైరును తామే పీకి పారేశారు. ఆ పురుగు ఆగ్నేయాసియాది. ఇక్కడ నేను ఆగి అడగాల్సింది ఒకటుంది. ఈ దేశంలో అది మొదట కనబడింది 2021లో కాదు, 2015లో, బెంగళూరులో బొప్పాయి మీద. శాస్త్రవేత్తలు గుర్తించారు, పేరు పెట్టారు, పత్రికల్లో రాశారు. బెంగళూరుకూ గుంటూరుకూ మధ్య దూరం దాటడానికి దానికి ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళలో మిరప రైతుకు ఎవరైనా ఫొటో చూపించి, ఇది పూతలో కనబడితే వెంటనే చెప్పు అన్నారా? అది పండ్ల పెట్టెలోనే వచ్చిందని నేను అనడం లేదు. ఏ దారిన వచ్చినా, కనబడిన రోజుకూ కొంప మునిగిన రోజుకూ మధ్య ఆరేళ్ళ వ్యవధి మన చేతిలో ఉంది. దాన్ని మనం వాడుకోలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మా పక్క జిల్లాలో అరకు ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చిన కాఫీ కాయ తొలుచు పురుగు ఈ దేశంలో 1990లో నీలగిరుల్లోని గూడలూరు దగ్గర బయటపడింది. దేశం లోపల ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోకుండా చట్టం కింద ఆంక్షలు పెట్టిన తొమ్మిది తెగుళ్ళూ పురుగుల్లో ఇదీ ఒకటి. ఇన్నేళ్ళూ అరకు శుభ్రంగా ఉంది. మందుల్లేని కాఫీ అని పేరు తెచ్చుకుని ఆ గిరిజన రైతులు విదేశాలకు అమ్ముకుంటున్నారు. 2025లో ఆ పురుగు అరకు తోటల్లోనూ దొరికింది. కాయలు కోయించి నాశనం చేయించాల్సి వచ్చింది. ఎవరో తెచ్చిన గోనెసంచిలోనో, పాత కాయల్లోనో వచ్చి ఉంటుంది. గోనెసంచి ఎంత ప్రమాదమో ఆ గూడేల్లో ముందే చెప్పి ఉంటే దాన్ని మోసుకొచ్చిన మనిషే మరిగే నీళ్ళలో ముంచి ఉండేవాడు.

బొప్పాయి పిండినల్లి కథ మాత్రం ధైర్యమిచ్చేది. మెక్సికో ప్రాంతపు పురుగు, 2008లో కోయంబత్తూరులో కనబడింది. బొప్పాయి, మల్బరీ, టేకు, ఏదీ వదల్లేదు. ఏ మందుకూ లొంగలేదు. చివరికి బెంగళూరులోని కీటక పరిశోధనా సంస్థ వాళ్ళు 2010లో ప్యూర్టోరికో నుంచి ఎసిరోఫేగస్ పపాయే అనే బదనికను తెప్పించారు. దాన్ని కూడా నేరుగా వదల్లేదు, క్వారంటైన్‌లో పెట్టి, మిగతా మేలు చేసే పురుగులకు హాని చేయదని తేల్చుకున్నాకే తోటల్లోకి వదిలారు. కొద్ది నెలల్లో పిండినల్లి అణిగిపోయింది. శత్రువు దొంగదారిన వచ్చింది, మిత్రుడు అనుమతి కాగితాలతో వచ్చాడు. మీ శాఖ చేసే పని విలువ ఆ రెండు రాకల మధ్య ఉన్న తేడాలో కనబడుతుంది.

మనం పంపే పండు విషయంలో ఇతర దేశాలు ఎంత కచ్చితంగా ఉన్నాయో మామిడి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. పండు ఈగ భయంతో జపాన్ మన మామిడిని 20 ఏళ్ళు రానివ్వలేదు, ఆవిరి వేడిలో శుద్ధి చేస్తామని ఒప్పుకున్నాకే 2006లో తలుపు తీసింది. అమెరికా 2007లో ఒప్పుకుంది, అదీ రేడియేషన్ చేయించి పంపితేనే. యూరప్ 2014 మే 1 నుంచి మన మామిడిని ఆపేసింది. అంతకు ముందు ఏడాది భారతదేశం నుంచి వచ్చిన 207 పండ్లు, కూరగాయల సరుకుల్లో పురుగులు దొరికాయని లెక్క చూపించింది. ఆ లెక్క మనకెలా తెలిసింది? ఏ దేశపు ఏ సరుకులో ఏ పురుగు దొరికిందో యూరప్ వాళ్ళు నెలనెలా జాబితా బయటపెడతారు కాబట్టి. వాళ్ళ రైతు చూసుకోవచ్చు, మన ఎగుమతిదారుడూ చూసుకోవచ్చు. సిగ్గుపడి ఇక్కడ ప్యాక్‌హౌస్‌లు సరిచేసుకున్నాం, 2015 జనవరిలో ఆ ఆంక్ష పోయింది.

మీ దగ్గర నేను కోరేది సరిగ్గా ఇదే. విశాఖపట్నం, కాకినాడ, కృష్ణపట్నం, చెన్నై రేవుల్లోనూ శంషాబాద్ విమానాశ్రయంలోనూ మీ ఇన్‌స్పెక్టర్లకు దొరికిన పురుగుల జాబితా నెలనెలా తెలుగులో ఇప్పించండి. పురుగు పేరు, ఏ పండులో దొరికింది, ఏ దేశానిది, ఇక్కడి ఏ పంటను తినగలదు, ఆకు మీద ఎలా కనబడుతుంది, ఒక స్పష్టమైన ఫొటో. ఒక కాగితం చాలు. వ్యాపారి పేరు మాకు అక్కర్లేదు. ఆ కాగితం అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికి, అంబాజీపేటకు, ప్రతి రైతు సేవా కేంద్రానికి చేరాలి. ఉత్తర్వులూ ప్రకటనలూ మీ వెబ్‌సైటులో ఇంగ్లీషులో ఉంటున్నాయి. వాటిని చదివేది పండ్లు దిగుమతి చేసుకునే కంపెనీల గుమస్తాలు. నష్టపోయేది మేం. నష్టపోయేవాడి భాషలో హెచ్చరిక ఉండాలనడం న్యాయమే కదా.

మీ శాఖే 2024 ఆగస్టు 15న నేషనల్ పెస్ట్ సర్వైలెన్స్ సిస్టమ్ పేరుతో ఒక యాప్ పెట్టింది. ఫోన్‌తో పురుగు ఫొటో తీసి పంపితే అదేమిటో చెప్పే ఏర్పాటు. మంచి పని. కానీ దేని కోసం వెతకాలో తెలియని రైతు ఏ ఫొటో తీస్తాడు? అలవాటైన తెల్లదోమే అనుకుని వదిలేస్తాడు. రేవు జాబితా చేతికి వస్తే ఆ యాప్‌కు కళ్ళు వచ్చినట్టే. కత్తెర పురుగు విషయంలో ఇది కొంత జరిగింది. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర దొరికిన ఆ పురుగు రెక్కల మీద వచ్చేది, ఏ గేటూ ఆపగలిగేది కాదు. అయితే దానికి తెలుగులో చక్కని పేరు పెట్టి, తల మీద తిరగేసిన వై అక్షరం ఉంటుందని గుర్తు చెప్పి ఊరూరా చెప్పారు. ఇవాళ మొక్కజొన్న రైతు ఎవరైనా దాన్ని పట్టి చూపిస్తాడు.

రేవుల కన్నా నాకు ఎక్కువ భయం సూట్‌కేసులంటే. మా జిల్లాలో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో దుబాయ్‌లోనో పిల్లలు లేని ఊరు లేదు. ఇక్కణ్ణించి వెళ్ళే తల్లిదండ్రులకు అక్కడి రూల్స్ బాగా తెలుసు. న్యూజిలాండ్‌లో దిగేటప్పుడు సంచిలో మరచిపోయిన ఒక్క పండుకు 400 డాలర్ల జరిమానా అక్కడికక్కడే వేస్తారని చెప్పుకుంటారు. అమెరికాకు తాజా కరివేపాకు తీసుకెళ్ళకూడదనీ తెలుసు. ఎందుకు కూడదో చాలామందికి తెలియదు. కరివేపాకు మీద బతికే ఒక చిన్న పురుగు నిమ్మజాతి చెట్లకు గ్రీనింగ్ తెగులు అంటిస్తుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడింది. అంతకు ముందు 2003-04లో 24 కోట్ల పెట్టెల నారింజ పండించిన రాష్ట్రం 2024-25లో కోటీ ఇరవై లక్షల పెట్టెలకు పడిపోయింది. మన బత్తాయి తోటల్లోనూ ఈ తెగులు ఉంది, దాని బాధ నల్గొండ, అనంతపురం రైతులకు తెలుసు.

అదే తల్లిదండ్రులకు తిరిగొచ్చేటప్పుడు ఇక్కడి రూల్స్ ఎవరూ చెప్పరు. అక్కడ తిన్న పండు రుచిగా ఉందని గింజలు రుమాల్లో చుట్టుకుని తెస్తారు, థాయిలాండ్ వెళ్ళినవాళ్ళు మొక్కలే తెస్తారు. దురుద్దేశం ఉండదు, ప్రేమతో తెస్తారు. తినే పండు కన్నా నాటే మొక్క ఎక్కువ ప్రమాదమని వాళ్ళకు తెలియదు. తినే పండు తొక్క చెత్తబుట్టలోకి పోతుంది. మొక్క నేరుగా మట్టిలోకి పోతుంది, దాని వేళ్ళలోని నులిపురుగు, మట్టిలోని శిలీంధ్రం అక్కడే కాపురం పెడతాయి. అందుకే నాటే మొక్కకు చట్టంలో ఇంకా కఠినమైన షరతులున్నాయి. చాలా రకాల్ని దేశంలోకి వచ్చాక కూడా విడిగా పెంచి, అధికారి చూసి సరేనన్నాకే తోటలో నాటాలి. ఈ సంగతి విశాఖపట్నం, గన్నవరం, శంషాబాద్ విమానాశ్రయాల్లో సామాన్లు తీసుకునే చోట తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టించండి. పక్కనే ఒక డబ్బా పెట్టించండి. తెలియక తెచ్చినవాళ్ళు జరిమానా భయం లేకుండా అందులో వేసేలా చూడండి. మనవాళ్ళు చెబితే వింటారు.

నర్సరీల మీద కూడా చూపు పెట్టమని రాష్ట్ర ఉద్యాన శాఖకు రాయండి. జపాన్ మామిడి, రంబుటాన్, అవకాడో అంటూ వేలకు వేలు పెట్టి కొంటున్నారు. ఆ తల్లిమొక్క ఏ కాగితంతో ఈ దేశంలోకి వచ్చిందని కొనేవాడు అడగడు, అమ్మేవాడు చెప్పడు. కాగితం ఉన్న నర్సరీకి గుర్తింపు ఇస్తే కొనేవాళ్ళు దాన్నే వెతుక్కుని వెళ్తారు.

పండ్ల వ్యాపారుల వైపు నుంచి ఒక మాట. తనిఖీ ఆలస్యమై కంటైనరు రేవులో నిలబడిపోతే పండు మెత్తబడుతుంది, కరెంటు ఖర్చు, రేవు అద్దె పెరుగుతాయి. వాళ్ళ బాధ నిజం. దానికి మందు తనిఖీ తగ్గించడం కాదు, మనుషుల్నీ ల్యాబుల్నీ పెంచడం. పురుగు పేరు గంటల్లో తేల్చగల శాస్త్రవేత్త రేవులోనే ఉంటే వ్యాపారీ బతుకుతాడు, రైతూ బతుకుతాడు. ఖాళీ పోస్టులు నింపించండి. ఇంకో సంగతి. వాణిజ్య ఒప్పందాల చర్చల్లో మా పండ్లకు షరతులు సడలించండి అని ప్రతి దేశమూ అడుగుతుంది. సుంకం తగ్గిస్తే రేపు మళ్ళీ పెంచుకోవచ్చు. ఒక పురుగును రానిస్తే మళ్ళీ పంపించలేం. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందమే శాస్త్రం ఆధారంగా మొక్కల ఆరోగ్యం కాపాడుకునే హక్కు ప్రతి దేశానికీ ఇచ్చింది. ఆ చర్చల బల్ల దగ్గర మీరు చెప్పే 'కుదరదు' అనే మాటకు మా లాంటివాళ్ళ మద్దతు ఉందని మీకు తెలియాలి.

చివరగా చట్టం. మా అనకాపల్లి చెరకు పరిశోధనా స్థానం మొదలైంది 1913లో. మీ శాఖకు ఆధారమైన వినాశకర కీటకాలు, తెగుళ్ళ చట్టం 1914ది. పరిశోధనా స్థానం ఈ నూరేళ్ళలో ఎన్నో కొత్త చెరకు రకాలు ఇచ్చి మారుతూ వచ్చింది. చట్టం మాత్రం తెల్లదొరల కాలంనాటి పుటల్లోనే ఉంది, ఉత్తర్వుల అతుకులతో నడుస్తోంది. దాని స్థానంలో 2013లో వ్యవసాయ జీవభద్రత బిల్లు లోక్‌సభకు వచ్చింది, ఆ సభ గడువు తీరడంతో మురిగిపోయింది. ఆ బిల్లు అక్షరం అక్షరం అలాగే రావాలని కాదు. పురుగు దొరికిన వెంటనే ఆ పంట పండించే జిల్లాలకు సమాచారం ఇవ్వడం అధికారి దయ మీద కాకుండా చట్టప్రకారం బాధ్యత అయ్యేలా కొత్త చట్టం తెమ్మని కేంద్రానికి మీరే సిఫారసు చేయాలి. అనకాపల్లి ఎంపీ గారినీ, ఉత్తరాంధ్ర ప్రజాప్రతినిధులందరినీ కూడా ఈ లేఖ ద్వారా అదే అడుగుతున్నాను.

కొత్త చట్టానికి ఏళ్ళు పట్టవచ్చు. తెలుగు జాబితాకు పార్లమెంటు అక్కర్లేదు, మీ సంతకం చాలు. విశాఖ కేంద్రం నుంచి మొదటి జాబితా ఏ నెలలో వస్తుందో దయచేసి తెలియజేయండి. మా మండలంలో ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీదా దాన్ని అంటించే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఎలమంచిలి ప్రాంతపు కొబ్బరి రైతు,
అనకాపల్లి జిల్లా.